సెలవులు అయిపోయేదాకా

మా అత్త పోయి ఇంకా నెల కాలేదు. ఒక ఆదివారం పొద్దున కాఫీ తీసుకెళ్లి పిలిస్తే పలకలేదు. నిద్రలోనే వెళ్లిపోయింది. ఫోన్ చేసిన వాళ్లందరూ “పోనీలే, కష్టపడకుండా పోయింది” అన్నారు. ఊ కొడుతూనే ఉన్నాను గానీ నాకు లోపల ఒళ్లు మండింది. కష్టపడకుండా పోవడమా! ఈ ఎండాకాలమంతా ఆమె ఎంత కష్టపడిందో, దేనికోసం పడిందో నాకు తెలుసు. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. పుత్తూరు పక్కన ఒక పల్లెలో పుట్టి, తిరుపతి పాతూరులో ఒక సందు చివరి ఇంట్లో కాపురం చేసింది. బడి మొహం పెద్దగా చూడలేదు. నోరు మాత్రం పెద్దది. కోడలిగా వచ్చిన కొత్తలో ఆ నోటికి భయపడి నేను వంటింట్లోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. పోనుపోను నాకూ నోరొచ్చింది. మేమిద్దరం అరుచుకుంటుంటే మా మామ గమ్మున వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చునేవాడు. “ఇంట్లో ఇద్దరు ఆడోళ్లు అరుసుకోకుండా ఉండారంటే అప్పుడు బయపడాల” అనేది అత్త.

కొన్నేళ్ల కిందట ఆమె కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు ఆస్పత్రికి పోయి డయాలసిస్ చేయించుకోవాలి. నీళ్లు కొలత ప్రకారం తాగాలి. మామిడిపండు ముట్టుకోకూడదు. ఇవన్నీ ఆమెతో పాటింపజేయడం నా తరం కాలేదు. చెంబెడు మజ్జిగ దొంగతనంగా తాగేసి, మూతి తుడుచుకుని, “నేనా? ఎప్పుడు?” అనేది. పెళ్లొచ్చినా పండగొచ్చినా ఆస్పత్రి ఎగ్గొట్టేది. మర్నాడు కాళ్లు ఉబ్బి, ఆయాసపడుతూ, ఆ తిట్లు కూడా నాకే పెట్టేది.

ఈ ఉగాదికి ముందు డాక్టరు నన్నూ మా ఆయన్నూ పక్కకు పిలిచి, గుండె కూడా బాగా నీరసించిందనీ, ఇక ఎన్నాళ్లో చెప్పలేననీ అన్నాడు. మా ఆడబిడ్డ చెన్నైలో ఉంటుంది. ఆమె పిల్లలు అక్కాతమ్ముళ్లిద్దరూ ఏటా సెలవులివ్వగానే మా ఇంట్లో వాలిపోతారు. సంగతి తెలిసి ఆడబిడ్డ ఫోన్ చేసింది. “ఈసారి పిల్లల్ని పంపించనులే వదినా, అమ్మకు రెస్టు కావాల” అంది. అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

“రెస్టా? ఏం రెస్టే? పిలకాయల్ని పంపీకపోతే ఆ సూదులు పెరికేసుకోని నేనే రైలెక్కి మీ ఇంటికొస్తా. సూసుకో మల్ల!”

ఫోన్ పెట్టేశాక నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుంది. డాక్టరు మాతో అన్న మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

“అమ్మణ్ణీ, నేను పోయేది పోతా. నాకు తెలీదా ఏంది? కానీ సెలవల్లో మాత్రం పోగూడదు. సెలవల్లో పోతే ఆ పిలకాయలకు ఎండాకాలం వస్తానే నేను సచ్చింది గ్యాపకమొస్తాది. మామిడిపండు తిన్నా అదే, జాతరొచ్చినా అదే. మల్లీ ఈ ఇంటికి రావాలంటేనే బయపడతారు. బడులు తెరిసేదాకా నన్ను కాపాడు. ఆపైన గంగమ్మ ఇష్టం.”

నాకు ఏడుపు ఆగలేదు. “ఏడుపు తర్వాత ఏడుద్దువుగానీ, ముందు ఆ నీళ్ల కొలత ఏందో సెప్పు” అంది.

అంతే. అంత మొండి మనిషీ ఒక్క పూటలో మారిపోయింది. చిన్న సీసాలో నీళ్లు పోయించుకుని రోజంతా అవే గుక్క గుక్కగా తాగేది. మజ్జిగ చెంబు వైపు కన్నెత్తి చూడలేదు. ఉప్పులేని అన్నం ముఖం చిట్లించకుండా తినేది. ఆస్పత్రిలో నర్సమ్మ నోరెళ్లబెట్టింది. “ఏమవ్వా, ఇంత మంచిదానివై పోయినావే!” అంటే, “మంచితనం కాదుమ్మా, నాకు పనుండాది” అంది.

పిల్లలు దిగారు. ఇల్లు సంతయింది. అత్త తన పుట్టింటి నుంచి వచ్చిన బేనీషా మామిడికాయల్ని గడ్డిలో మాగవేయించి, రోజూ పొద్దున్నే గంప ముందు పెట్టుకుని కూర్చునేది. తొడిమ దగ్గర వాసన చూసి, ఇది ఈ పూటకు, ఇది రేపటికి అని తేల్చేది. వేళ్లకు అంటిన రసం కొంగుకు తుడుచుకునేదే గానీ నోటి దగ్గరికి పోనిచ్చేది కాదు. చూస్తున్న నాకే నోట్లో నీళ్లూరేవి, ఆమెకు ఊరలేదంటే నేను నమ్మను.

అవ్వ నీళ్లు తాగకూడదని ఎవరు చెప్పారో, పిల్లలు వంటింటి తలుపు చాటున నిలబడి తాగడం మొదలుపెట్టారు. అత్త రెండో రోజే కనిపెట్టేసింది.

“యాడ దాంకోని తాగతాండారు? ఈడికి రాండి. నా ముందర తాగండి. మీరు గటగటా తాగతా ఉంటే నా గొంతు సల్లబడతాది.”

అప్పటినుంచి ఇద్దరూ చెంబులు పట్టుకుని మంచానికి చెరోపక్క చేరి, గుటకల చప్పుడు వినిపించేలా తాగేవాళ్లు. ఆమె కళ్లు మూసుకుని వినేది. మధ్యాహ్నం ఎండకు వీధి తలుపు వేసేసి వామనగుంటలు ఆడేవాళ్లు. చింతగింజలు కొంగులో దాచేది మా అత్త. మనవరాలు పట్టుకుంటే, “దొంగాట లేకుంటే అది ఆటెట్లయితాది? పరీచ్చ అయితాది” అని దబాయించేది.

ఆస్పత్రికి పోయేరోజు, “రగతం ఉతికించుకోని వస్తా” అని పిల్లలకు చెప్పేది.

“ఆరేస్తారా అవ్వా?” అన్నాడు చిన్నోడు.

“ఆరేసి, మడత పెట్టి ఇస్తారు నాయనా.”

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా భుజం మీద వాలిపోయి, కళ్లు తెరవలేక వచ్చేది. సందు మలుపు రాగానే లేచి కూర్చుని, కొప్పు సర్దుకుని, “మొగం ఎట్లుండాది?” అని అడిగేది. బాగుందత్తా అంటే, “అబద్దం ఆడినా గెట్టిగా ఆడు” అనేది. ఇంటి ముందు దిగి, పిల్లలు చూస్తుండగా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లెక్కేది. ఆ మెట్లు ఎక్కడం చూసినప్పుడల్లా నాకు ఆమెకు దండం పెట్టాలనిపించేది.

అంతలో గంగమ్మ జాతర వచ్చింది. తిరుపతి వాళ్లకు చెప్పే పనిలేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. జాతరలో రోజుకొక వేషం వేసుకుని అమ్మవారి గుడికి పోతారు. బండవేషం రోజు ఒళ్లంతా కుంకుమ పూసుకుని, పూలదండలు వేసుకుని, ఎదురైన వాళ్లనల్లా నోటికొచ్చినట్టు తిట్టొచ్చు. ఎవరికీ కోపం రాదు. వేషంలో ఉన్నది గంగమ్మ బిడ్డ. మనవడికి తన చేత్తో ఆ వేషం వేస్తానని అత్తకు మొక్కు ఉంది. సరిగ్గా ఆ రోజే ఆస్పత్రి పడింది.

“ఆస్పత్రిని ఒక్కరోజు వెనక్కి జరుపుదాం అత్తా” అన్నాను. పాత అత్త అయితే నేను అడక్కముందే ఎగ్గొట్టి ఉండేది.

“వొద్దు. తప్పితే ఆయాసమొస్తాది, పిలకాయల ముందర పడిపోతా. నువ్వు పూయి. నీ చెయ్యయితేనేం, నా చెయ్యయితేనేం” అని మా ఆయనతో ఆటో ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

వాడికి కుంకుమ పూసి, దండలు వేసి, గుడికి తీసుకెళ్లి దండం పెట్టించాను. అక్కడినుంచి ఇంటికి రావడానికి నాకు కాళ్లు రాలేదు. ఆటోను నేరుగా ఆస్పత్రికి పోనిమ్మన్నాను. పిల్లల్ని లోపలికి రానివ్వరని నాకు తెలుసు. వాకిట్లో కాపలా ఆయన వాణ్ణి చూడగానే చెప్పులు విడిచి చేతులు జోడించాడు. “వేషంలో ఉండే బిడ్డను ఆపి నేను యాడ బతకాల తల్లీ, పోండి” అన్నాడు. నర్సమ్మ మాత్రం గడప దాటొద్దంది.

గొట్టాలతో పడుకుని ఉన్న అవ్వను వాడు చూడటం అదే మొదలు. వాడు నా కొంగు పట్టుకుని వెనక్కి నక్కాడు. అయ్యో, ఎందుకు తెచ్చానురా భగవంతుడా అనుకున్నాను. అంతలో వాడు తానేం వేషంలో ఉన్నాడో గుర్తుతెచ్చుకున్నట్టున్నాడు. మిషను వైపు వేలు చూపించి గొంతు చించుకున్నాడు.

“ఓరే దొంగ నాయాలా! మా అవ్వ రగతమంతా తాగేస్తావా? మర్యాదగా మొత్తం తిరిగిచ్చెయ్! లేదంటే నిన్ను పాత సామాన్లోడికి ఏసేస్తా!”

వార్డంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. పక్క మంచం పెద్దాయన, “సామీ, నాదాన్ని గూడా రెండు తిట్టు సామీ” అని వేడుకున్నాడు. వాడు గడప దగ్గరే నిలబడి ఒక్కొక్క మిషన్నూ పేరుపేరునా తిట్టాడు. అత్త నవ్వుతోంది. “అవ్వా, కదలొద్దు, సూది!” అని నర్సమ్మ అరుస్తూ తనూ నవ్వుతోంది. సూది లేని చెయ్యి ఎత్తి అత్త మనవడికి దండం పెట్టింది. ఆ రోజు ఇంటిదాకా నా భుజం మీద వాలకుండా కూర్చుని వచ్చింది.

జూన్ వచ్చింది. పిల్లలు బయలుదేరిన పొద్దున అత్త తలంటుకుని, మంచి చీర కట్టుకుని, వాకిలి పట్టుకుని నిలబడింది. “బాగా సదవండని నేను సెప్పను, అది మీయమ్మ సెప్తాది. బాగా తినండి” అంది. ఆటో సందు మలుపు తిరిగాక అక్కడే మెట్టు మీద కూలబడింది.

“గెలిసినాం గదా అమ్మణ్ణీ?”

“గెలిచినాం అత్తా.”

బడులు తెరిచిన రెండో వారంలో ఆ ఆదివారం వచ్చింది. ఆడబిడ్డా పిల్లలూ మళ్లీ వచ్చారు. పిల్లలు తాత పక్కన అరుగు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చారు. కర్మ అయ్యేదాకా నాకు ఒకటే గుబులు. అత్త అంత పోరాడి కాపాడినదాన్ని ఈ నాలుగు రోజుల ఏడుపులు చెరిపేస్తాయేమోనని, వీళ్లు ఇక ఈ ఇల్లంటేనే బెదిరిపోతారేమోనని.

స్టేషనులో రైలెక్కించి కిటికీ దగ్గర నిలబడ్డాను. చిన్నోడు ఊచల దగ్గరికి మొహం తెచ్చాడు.

“అత్తా, అవ్వ లేకపోయినా జాతరకు వేషం వెయ్యొచ్చా?”

“వెయ్యొచ్చు నాయనా.”

“ఈసారి ఏ వేషం?”

“తోటివేషం. ఒళ్లంతా బొగ్గు పూస్తారు.”

“ఒళ్లంతానా?” వాడి కళ్లు పెద్దవయ్యాయి. “అయితే సెలవులియ్యగానే వచ్చేస్తాం. నువ్వు బొగ్గు రెడీగా పెట్టుండు” అని, ఒట్టు వెయ్యమని ఊచల్లోంచి చెయ్యి చాపాడు. ఒట్టు వేశాను. రైలు కదిలేదాకా నేను ఆ చెయ్యి వదల్లేదు.