గరిటె గాలం

మనిషికీ మహామత్స్యానికీ జరిగిన భీకర పోరాటం చెబుతాను, కూర్చోండి. పోరాటం జరిగిన మాట నిజం. మత్స్యం సంగతే కాస్త అనుమానం.

ఊరు సోమశిల డ్యాం నీళ్లలో మునిగాక మేం గట్టు మీది కాలనీలో ఉండేవాళ్లం. ఆత్మకూరుకు కేబుల్ టీవీ కొత్తగా వచ్చింది. ఓ టీకొట్లో చూశాను: దొరలు సముద్రం మీద పడవ తోలుతూ, వెనక తాడుకు మెరిసే ఎర కట్టి లాక్కుపోతుంటే, మనిషంత చేప తరుముకొచ్చి మింగింది. ఇక నాకు కుదురేది?

ఆ ఆదివారమే కొత్త బావ మొదటిసారి భోజనానికొచ్చాడు. ఆయనది కావలి వైపు సముద్రపు ఒడ్డు. "మీ మెట్టోళ్లకు చేపంటే ఏం తెలుసులే బామ్మర్దీ" అన్నాడు.

అంతే, అమ్మ పట్టుకోబోయిన కోడికి అడ్డం పడ్డాను. "దాన్ని వదిలెయ్‌మా. పులుసు కాంచు, చేప తెస్తా."

"తేకపోతే రేయ్ సామేలూ, పులుసులో నీ తలకాయే ఏస్తా."

మెరిసే ఎర కావాలి కదా. వంటింట్లో ఉన్న ఒకే ఒక్క స్టీలు గరిటెను చడీచప్పుడు లేకుండా ఎత్తుకెళ్లి, దానికి గాలం కట్టాను.

ఆ నీళ్లలోనే వలేసి బతికే మా మేనమామ ఏసోబు తన పడవలో మమ్మల్ని ఎక్కించుకుని తెడ్డు వేశాడు. బావ ముందు, నేను వెనక. తాడు వదిలిన కాసేపటికే బిర్రుగా బిగిసింది. పడవ ఆగిపోయింది.

"పడింది బావా!"

"వదలొద్దురా! వంజరం గూడా ఇంత బలంగా లాగదు!"

సముద్రపు మనిషే ఒప్పుకున్నాడు, విన్నారా! ఇద్దరం లాగాం. అది రాలేదు, పడవే దాని దగ్గరికి పోయింది.

"అలిసిపోనీ బావా."

"ఎవురు? అదా, మనమా?"

అరచేతులు మిరపకాయల్లా మండుతున్నాయి. మామ తాపీగా బీడీ ముట్టించాడు.

"సామేలూ, మునిగిన మీ ఇంటెనక ఏముండింది?"

"చింతచెట్టు. ఇప్పుడెందుకు మామా?"

"నీళ్లు ఇంతదాకా రావని మీ నాయన దాన్ని కొట్టనీలా. నువ్విప్పుడు మీ పెరట్లోనే ఉండావు."

"ముందే చెప్పొచ్చు గదా!"

"కొత్తల్లుడు సరదా పడతా ఉంటే నేనెందుకు చెప్తా?"

గరిటె చింతకొమ్మకే మిగిలింది. ఇంటికొస్తే పులుసు కుతకుతలాడుతోంది. గడపలో కోడి నన్ను ఎంతో ప్రేమగా చూసింది. అమ్మ నా చేతులు చూసింది, చేప కోసం నా వెనక చూసింది, ఆ తర్వాత గరిటె కోసం చూసింది.

"పులుసు బాగుండాది అత్తా," అన్నాడు బావ, కంచంలో వేలితో వెతుకుతూ. "ముక్కలే ఈదుకుంటా పోయినట్టుండాయి."

ఆ పులుసు గిన్నె సాక్షిగా ప్రమాణం చేశాను: బొందిలో ప్రాణముండగా మా పెరటి చెట్టును మళ్లీ వేటాడను.

అన్నట్టు, గరిటె లేనప్పుడు పులుసు గ్లాసుతో వడ్డిస్తే వేళ్లు కాలతాయి. పిడి ఉన్న చెంబు వాడాలి.