మడమ చూడమన్న గొంతు

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. నర్సుగా పదకొండేళ్ల నుంచి చేస్తున్నాను. మనిషి పోయిన మంచం మీద దుప్పటి మార్చి, మామూలుగా పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతాను. అందుకే ఇది చెప్పడానికి ఇన్నాళ్లు తటపటాయించాను.

అప్పుడు పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో, స్పృహ రాని పేషెంట్లను ఉంచే వార్డులో చేసేదాన్ని. నాది భీమవరం వైపు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి, నడిచే డ్యూటీకి వెళ్లేదాన్ని.

యాదమ్మ గారని అరవయ్యేళ్లావిడ, మెదడులో రక్తస్రావమై మూడు వారాలుగా కదలిక లేకుండా ఉన్నారు. ఊపిరి కోసం గొంతు దగ్గర కోసి ట్యూబు పెట్టారు. ఆ ట్యూబు ఉన్నంతకాలం గొంతులోంచి మాట రాదు.

రెండు గంటలకోసారి ఆమెను పక్కకి తిప్పాలి. నోరు శుభ్రం చేయాలి, కళ్లలో చుక్కలు వేయాలి, వీపుకి లోషన్ రాయాలి. ఏం చేస్తున్నా ముందు ఆమెతో చెప్పేదాన్ని, "పెద్దమ్మా, ఎడమవైపు తిప్పుతున్నాను" అని. జవాబు రాదని తెలుసు. అయినా అది నా అలవాటు.

ఒకరోజు ఉదయం పదకొండింటికి ఒళ్లు తుడవడం అయింది. ఆయా బకెట్ తీసుకుని వెళ్లింది. ఆ రోజు మనుషులు తక్కువ. తొందరలో, రక్తం గడ్డకట్టకుండా కాళ్లకు వేసే బిగుతు మేజోళ్లు విప్పి చూడలేదు. అది నా తప్పే.

చార్టు రాసుకుంటుంటే, వెనక నుంచి కాస్త బొంగురుగా ఒక ఆడగొంతు వినిపించింది.

"బిడ్డా, కుడి మడమ మండుతున్నది. జర చూడు."

తిరిగి చూశాను. ఎవరూ లేరు. పక్క మంచం ఖాళీ. యాదమ్మ గారు మేం పడుకోబెట్టినట్టే, కళ్లు మూసుకుని ఉన్నారు.

మేజోడు విప్పాను. కుడి మడమ మీద చింతగింజంత ఎర్రటి మచ్చ. వేలితో నొక్కినా ఎరుపు పోలేదు. పుండు మొదలయ్యేది అలాగే. పైగా ఆమెకు షుగర్. ముదిరితే కాలికే ప్రమాదం. మడమ పరుపుకి ఆనకుండా పిక్క కింద దిండు పెట్టి, డాక్టర్ గారిని పిలిచాను. వారం పదిరోజుల్లో మచ్చ మాయమైంది.

మరో నెలకి ఆమె కళ్లు తెరిచారు. కొన్నాళ్లకు ట్యూబు తీసేశారు. పక్కనే ఉన్న కూతురు స్వరూపను ఆమె మొదట అడిగింది చాయ్. నేను ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అదే గొంతు.

ఆమెను తెచ్చిందే స్పృహ లేని స్థితిలో. ఆ గొంతు నేను ఎన్నడూ విని ఉండే వీలు లేదు. ట్యూబు వల్ల బొంగురుపోయిందేమో అనుకుని స్వరూపను అడిగితే, అమ్మ గొంతు మొదట్నుంచీ అంతేనంది.

డిశ్చార్జి రోజు ఉండబట్టలేక జరిగింది చెప్పాను. ఆమెకు ఏమీ గుర్తు లేదు. నా చెయ్యి పట్టుకున్నారు.

"నేనన్ననో లేదో నాకైతే తెల్వది బిడ్డా. నువ్వు ఇన్నవు గదా, గంతే చాలు."

వాకర్ పట్టుకుని, లిఫ్టు దాకా తన కాళ్ల మీదే నడిచి వెళ్లారు. ఆ రోజంతా నా మనసు హాయిగా ఉంది.

నా మనసే నన్ను హెచ్చరించిందని సరిపెట్టుకుందామంటే, ఆ గొంతు నాకెలా తెలుసు? మాట లేనివాళ్లను పక్కకి తిప్పాక, ఇప్పుడు ఒక్క నిమిషం ఆగి వింటాను. మళ్లీ ఎప్పుడూ ఏమీ వినపడలేదు.