ఢిల్లీకి చేరని రోజర్

మా బావమరిది నన్ను పట్టించుకోకపోవడం నిన్నా మొన్నా మొదలైంది కాదు. ఏళ్ల తరబడి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. అది తప్ప తక్కిన అన్నిటికీ జవాబిస్తాడు. ఇంట్లోవాళ్లు దీన్ని నవ్వులాటగా తీసుకున్నారు కనుక జరిగింది రాస్తున్నాను.

అతనిది హనుమాన్ జంక్షన్, ఉద్యోగం ఢిల్లీలో. ఇద్దరికీ హామ్ రేడియో లైసెన్సులున్నాయి, అంటే సొంత సెట్టుతో ఇంటి నుంచే దూరాలవాళ్లతో మాట్లాడొచ్చు. తొంభైల్లో ఒక డిసెంబరున, ఉల్కలు బాగా రాలే రోజుల్లో, పది మీటర్ల బ్యాండు మీద మాట్లాడుకుందామనుకున్నాం. ఉల్క మండిన చోట ఆకాశంలో ఒక చార మిగులుతుంది. అది చెదిరేలోగా మన తరంగం దానికి తగిలి ఎక్కడో దూరాన దిగుతుంది. ఉండేది క్షణాలే. అందుకని ఒక నిమిషం నేను పిలవాలి, మరో నిమిషం అతను. చివరికి ఇద్దరూ ఎదుటివాడి ‘రోజర్’, అంటే ‘అందింది’ అన్న మాట, వింటేనే లెక్క. మధ్యలో ఫోన్ చేసి అడిగితే అంతా రద్దు.

తెల్లవారుతుండగా గవర్నర్‌పేటలో మా డాబా మీది గదిలో కూర్చున్నాను. చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. ఉన్నట్టుండి పక్క గదిలోంచి పిలిచినట్టు అతని గొంతు: “రోజర్, రోజర్!” అంతే, మాయం. ఇక నా వంతు. గొంతు బొంగురుపోయేదాకా రోజర్ అన్నాను. పక్కింటావిడ పిట్టగోడ దగ్గరికి వచ్చింది.

“అన్నయ్యగారూ, మా టీవీలో దేవుడి పాటల మధ్యన మీరే వస్తున్నారండీ. పొద్దున్నుంచీ పిలుస్తున్నారు, ఇంకా పలకలేదాండీ ఆయన?”

గవర్నర్‌పేట విన్నది. మరి ఢిల్లీ? అనుకున్న గడువు ముగియగానే ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తాను.

“విన్నావా?”

“ఫోన్లో చెప్తే అది రేడియో ఎలా అవుద్ది బావా?”

“టైమైపోయిందిగా, ఇప్పుడు చెప్పొచ్చు!”

“మీరు ఆపేశారేమో. నేనింకా వింటానే ఉన్నా.”

తర్వాత కూచిపూడిలో మా మరదలి గృహప్రవేశానికి వచ్చాడు. బంతిలో పక్కనే కూర్చుని అడిగాను. “పప్పులో నెయ్యేసుకోండి బావా, చల్లారిపోద్ది,” అన్నాడు. సెల్‌ఫోన్లు వచ్చాక మెసేజ్ పెట్టాను. ఉగాది శుభాకాంక్షలు వచ్చాయి, అదీ వానాకాలంలో.

“చెప్పేస్తే మీరు మళ్లీ ఫోన్ చెయ్యరని వాడి బెంగండీ,” అంటుంది మా ఆవిడ. తమ్ముణ్ణి వెనకేసుకు రాకపోతే ఆవిడకు తోచదు. నేను ఎన్నో దేశాలతో మాట్లాడాను గానీ, ఉల్క మీదుగా మాట్లాడానని చెప్పుకోవడానికి నాకున్నది ఆ ఒక్క పొద్దే. అది ఉన్నట్టో లేనట్టో అతని నోట్లో ఉంది.

బావమరిదీ, నువ్వు ఇది చదువుతావు. ఫోన్లో వద్దంటే మానెయ్, రేడియోలోనే చెప్పు. రేపట్నుంచి రోజూ పొద్దున్నే సెట్టు ముందు ఉంటాను. ముందు నిమిషం నీదే. వినపడిందా, లేదా?