కాళ్లున్న ఈకల చుక్క

గట్టుప్పల్ నేతలో పేరంతా మగ్గం మీద కూర్చున్నవాడిదే. ఆసు పోసిన ఆడదాని పేరు ఎవరూ అడగరు. ఆండాళు పెళ్లయిన నాటి నుంచీ ఆసు పోస్తోంది. చెక్క చట్రం మీద నడిమి మేకు నుంచి వంపుగా దిగ్గొట్టిన మేకులకు నూలు తిప్పడం, మళ్లీ వెనక్కి తేవడం. కుడి భుజం అరిగిపోయింది. దీన్ని ఓర్పు అని పొగిడేవాళ్లను ఒక్కపూట ఆసు ముందు కూర్చోబెట్టాలి.

డిగ్రీలో జంతుశాస్త్రం చదివే కూతురు సింధూజ ఒకనాడు ఫోన్లో సముద్రపు జీవిని చూపించింది.

"ఫెదర్ స్టార్ అంటరమ్మా, ఈకల చుక్క. గివి ఈకలు గాదు, చేతులు. నీళ్లల్ల కొట్టుకొచ్చే తిండిని పట్టి నోట్లెకు పంపుతయి. కింద సన్నటి కాళ్లతోని రాయిని పట్టుకుంటది. చేప చెయ్యి కొరికితే దాన్ని ఇడిచిపెట్టి పోతది. మళ్ల మొలుస్తది."

"మొలుస్తదా!" ఆండాళు భుజం తడుముకుంది. "దానికేమో చేతులిచ్చిండు దేవుడు, నాకు ఆసు ఇచ్చిండు."

ఆ జీవి ఈదుతుంటే కొన్ని చేతులు లేస్తున్నాయి, కొన్ని దిగుతున్నాయి, మగ్గం తొక్కినట్టే. దాన్ని చీర మీద నేయమని భర్త మల్లేశం దగ్గర పట్టుబట్టింది. ఆ ఇంట్లో ఆడవాళ్లు డిజైన్ చెప్పింది అదే మొదలు. అతను నవ్వి సరేనన్నాడు.

జానెడు గుడ్డ దిగాక ఆండాళు వంగి చూసింది. పైకీ చేతులే, కిందికీ చేతులే. అలవాటు కొద్దీ మల్లేశం నేతకు ముందు నూలును నాలుగు మడతలు చేసి, రంగు అంటకూడని చోటల్లా ముడులు వేసి అద్దాడు. అలా కడితే నాలుగు మూలలూ ఒక్కలాగే వస్తాయి.

"కాళ్లేవి?"

"పువ్వుకు కాళ్లేందే?"

"పువ్వు గాదు. పానమున్నది. లేచి పోతది."

"కొనేటోళ్లకు ఎరికైతదా?"

"నాకెరికైతది."

రెండే మడతలు వేస్తే ముడులు కట్టే పని రెట్టింపు. అతను కదల్లేదు. ఆండాళు ఆసు విడిచి గడప మీద కూర్చుంది. ఉన్న నూలు కండెలు అయిపోగానే మగ్గం ఆగింది.

"సముద్రం మొగం సూడనిదానివి, గా పురుగు కోసం మొగనితోని కొట్లాటనా?" అంది అత్త గోవిందమ్మ.

"పురుగైనా సరే అత్తా, కాళ్లు తెంపనియ్య."

వాడకట్టంతా మగ్గాలు మోగుతుంటే ఆ ఒక్క ఇల్లు మూగబోయింది. చివరికి మల్లేశమే నేసిన ముక్క కోసి పక్కన పడేసి, కొత్త నూలు పట్టుకొచ్చాడు.

"ఎట్ల మడవాలెనో నువ్వే చెప్పు."

"ఎడమా కుడీ మడువు. మీదా కిందా మడిచినవనుకో, మళ్ల గీ గడపల్నే కూసుంట."

ఆసు ముందు కూర్చుని, ఈసారి ఎడమ చెయ్యి చాచింది.