తమ్ముడి కోటు

వెర్నా హోలన్‌బాక్ చెయ్యెత్తితే మా ఊళ్లో లారీలు కూడా ఆగుతాయి. బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించడం ఆమె పని. ఆమె అరుపుకు హడలిపోయే జనమే ఓట్లేసి ఆమెను పురపాలక సంఘానికి పంపారు. అక్కడా అదే అరుపు. నేను పక్కింటిదాన్ని, ఇంట్లో ఇంకా గట్టిగా అరుస్తుందని నాకు తెలుసు.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం ఆమె రాసిన తీర్మానం సభకు వచ్చింది. ఒక రాష్ట్రం ఇచ్చిన తుపాకీ అనుమతి దేశమంతా చెల్లాలని వాషింగ్టన్‌లో చట్టం తేబోతున్నారు. అదొస్తే మా న్యూజెర్సీ కట్టుబాట్లన్నీ గంగలో కలిసినట్టే. పక్క రాష్ట్రంలో తేలిగ్గా అనుమతి దొరికినవాళ్లంతా తుపాకీ దాచుకుని మా వీధుల్లో తిరగొచ్చు. మా ఊరు దీనికి ఒప్పుకోదని గట్టిగా చెప్పాలని వెర్నా పట్టుబట్టింది.

నదికి అవతల పెన్సిల్వేనియాలో ఉండే తమ్ముడు క్లేటన్ వంతెన మీదుగా నడిచి వచ్చాడు. ఈ విషయంలో ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

"నువ్వు చెప్పేదొక్కటీ నాకు నచ్చదక్కా. కానీ నువ్వు జనాన్ని దులిపేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది."

"నోర్మూసుకుని వెనక కూర్చో. చప్పట్లు మాత్రం గట్టిగా కొట్టు."

మా సభలు ఫైర్ స్టేషన్ మేడ మీది హాల్లో జరుగుతాయి. కోట్లు తగిలించడానికి ఒక్క కొక్కెం లేదు. అందరూ వెనక బల్ల మీద గుట్టగా పడేస్తారు. ఎవరో ఏదో మాట్లాడుతుండగా ఒక చిన్నపాప తన టోపీ కోసం ఆ గుట్టను కెలకసాగింది. వేదిక మీంచి వెర్నా చటుక్కున లేచి వెళ్లి, పాప చేతిలోంచి ఒక కోటు లాక్కుంది. క్లేటన్ కోటు అది. దాన్ని తొడుక్కుని, తెల్లబోయిన ముఖంతో తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది.

పక్క కుర్చీలో మా పోలీసు అధికారి రస్కో, మహా మర్యాదస్తుడు.

"చెమటలు పట్టేస్తున్నాయండీ మీకు. కోటు ఇలా ఇవ్వండి, కుర్చీకి తగిలిస్తాను."

"ఒద్దు! జ్వరంగా ఉంది," అంది వెర్నా.

ఆమె వంతు వచ్చింది. అరుపు కోసం అందరం చెవులు రిక్కించాం. "నేను అనుకూలం," అని గొణిగి కూర్చుంది. తీర్మానం నెగ్గింది. వెనక నుంచి క్లేటన్ చప్పట్లు కొట్టాడు.

ఇంత మాటకారికి నోరు పడిపోయిందేమిటని నాకు దిగులేసింది. తమ్ముణ్ణి సాగనంపుతానని ఆమె ఆ కోటుతోనే బయల్దేరితే నేనూ వెంట వెళ్లాను. వంతెన నడిమధ్య రాష్ట్రాల హద్దు చూపే పలక దాటాక ఆగి, కోటు విప్పి అతని చేతిలో పెట్టింది.

"జేబు చూస్కో."

చెయ్యి పెట్టాడు. అతని నవ్వు ఆరిపోయింది.

"అయ్యో దేవుడా. పొద్దున్నే తాళాలతో పాటు తుపాకీ కూడా జేబులో వేసుకోవడం అలవాటక్కా. మర్చేపోయాను."

"నీ అనుమతి ఈ పలక దాకానేరా. మా వైపు దొరికితే జైలే."

ఆ తీర్మానం రాసిన మనిషే తుపాకీ దాచుకుని, పోలీసు పక్కన కూర్చుని ఓటేసింది!

"నీకేమన్నా పిచ్చా? దొరికితే నువ్వు జైలుకెళ్లేదానివి!" అని అరిచాడు క్లేటన్. "చూశావా, ఇందుకే ఆ చట్టం రావాలనేది. మర్చిపోతే జైలేంటి?"

"తుపాకీ పిడి నా కంటబడేసరికే ఆ పాప చెయ్యి నీ జేబులో ఉందిరా."

క్లేటన్ తడబడుతూ కోటు తొడుక్కున్నాడు. ఎప్పుడూ ఆ వంతెన మీదే అక్కను కావలించుకుని వెళ్తాడు. ఆ రోజూ చేతులు చాచాడు.

వెర్నా ఒక అడుగు వెనక్కి వేసింది. తన చేత్తో పెంచిన తమ్ముడికి ఆమె భయపడింది. అది అతనికీ కనిపించింది. చేతులు దించుకుని, పెన్సిల్వేనియా వైపు నడిచాడు.