మా మామ సీసా, ఓడవాళ్ళ మూత కూలి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ‘ఆ రోజుల్లో’ అన్నానని ఎడ్లబండ్ల కాలం అనుకునేరు, నాలుగైదేళ్ళ కిందటి మాటే. కొత్త ఉద్యోగం, కొత్త పెళ్ళి, చేతిలో కొత్త ఫోను. ఈ మూడూ ఒకే ఏడాదిలో దొరికినవాడికి జ్ఞానం దానంతటదే పుట్టుకొస్తుంది. టేకులపల్లిలో ఒక ఆఫీసులో చిన్న గుమాస్తా పని నాది. అడిగిన ఫైలు ఏ బీరువాలో ఉందో చెప్పలేకపోయేవాణ్ణి గానీ, ఏ దేశపు ద్రాక్ష ఏ కొండవాలులో పండుతుందో మాత్రం వీడియోలు చూసి గడగడా ఒప్పజెప్పేవాణ్ణి. (అప్పటిదాకా నేను తాగిన వైనంతా కలిపినా దగ్గుమందు మూత నిండదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.)

మా మామది పినపాక దగ్గర పల్లె. మా ఆవిడ వాళ్ళ నాయిన. బతుకంతా బొగ్గుబాయిలో దిగి పనిచేసి రిటైరయ్యాడు. ఆ రోజు బాయి పెద్దసారు, ఉత్తరాది మనిషి, దండ వేసి, శాలువా కప్పి, రంగుకాగితం చుట్టిన వైను సీసా ఒకటి చేతిలో పెట్టాడట. అందరికీ గోడగడియారం ఇచ్చే సారు తనకొక్కడికే సీసా ఇచ్చాడని మామకు మహా గర్వం. దాన్ని తెచ్చి, ఎండాకాలం కోడిగుడ్డు పెడితే ఉడికిపోయే రేకుల ఇంట్లో, అటకమీద నిలబెట్టి, మంచి రోజు కోసం దాచాడు. పండుగలు వచ్చాయి, పోయాయి. మంచి రోజు రాలేదు. చివరికి బిడ్డ పెళ్ళి అయింది. అదీ అంత మంచి రోజుగా ఆయనకు తోచలేదు. (ఆ పెళ్ళికొడుకుని నేనే. మనసులో ఏమీ పెట్టుకోలేదు, సందర్భం వచ్చింది కాబట్టి రాస్తున్నాను.)

మంచి రోజు ఏదో ఆయనే తేల్చాడు. “ఇన్నేండ్లు భూమి కింద ఉన్న. ఒక్కపారి నీళ్ళ మీద ఉండి చూస్త” అని, చెన్నై నుంచి బయలుదేరే పెద్ద ఓడలో నలుగురికీ టికెట్లు తీయమన్నాడు. తను, అత్తమ్మ, మా ఆవిడ, నేను. సర్వజ్ఞుణ్ణి కాబట్టి ఏర్పాట్లన్నీ నావే.

“అల్లుడా, ఓడల మన సీసా తీస్కపోనిస్తరా?” అని అడిగాడు మామ.

ఓడవాళ్ళ నిబంధనలు తెరిచి చదివాను. మనిషికో వైను సీసా, సీలు విప్పనిది, వెంట తెచ్చుకోవచ్చునని రాసుంది. అంతవరకు చాలా శ్రద్ధగా చదివాను. దాని కింద ఇంకో వాక్యం ఉంది. తెలివిగలవాళ్ళు అన్ని వాక్యాలూ చదవరు.

“ఫ్రీ మామా!” అన్నాను.

“గా ఎర్రనీళ్ళను సముద్రం దాకా మోసుడేంది? ఆడ నీళ్ళకు కరువొచ్చిందా?” అంది అత్తమ్మ. ఆమె మాట మేం ఎవ్వరం లెక్కచేయలేదు. ఇద్దరు మగవాళ్ళు ఒక నిర్ణయానికి వచ్చాక మధ్యలో బుద్ధికేం పని?

ఖమ్మంలో రైలెక్కింది మొదలు ఆ సీసా మామ ఒళ్ళోనే ఉంది. లుంగీలో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఓడెక్కేచోట తనిఖీవాళ్ళు సంచి తెరిచి, సీసా అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశారు. ఆ చట్టాన్ని నేనే రాసినట్టు మామ నా భుజం తట్టాడు. నేను కూడా కాదనలేదు.

రెండోరోజు మధ్యాహ్నం భోజనాల హాలుకు వెళ్ళాం. ఒకవైపు గోడంతా అద్దమే, అద్దం అవతలంతా సముద్రమే. తెల్లగుడ్డ పరిచిన బల్లమీద మామ సీసాను ప్రతిష్ఠించాడు. మెడకు నల్ల బో టై కట్టుకున్న సర్వరొకాయన వచ్చి, నవ్వి, వినయంగా ఒక కార్డు చూపించాడు. నేను చదవని వాక్యం అందులో పెద్ద అక్షరాల్లో ఉంది. బయటి సీసాను వాళ్ళ బల్లమీద తెరిస్తే దానికి రుసుము కట్టాలి. దాని పేరు కార్కేజీ. ఎంత కట్టాలో చూశాను. ఆ డబ్బుతో పినపాకలో మామ తన దోస్తులందరికీ కోడికూరతో దావత్ ఇవ్వచ్చు.

“ఏందట?” అన్నాడు మామ.

“మూత తీసినందుకు పైసలియ్యాలంట మామా.”

“ఫ్రీ అంటివి గదా!”

“తెచ్చుకునుడు ఫ్రీ. తీసుడు ఫ్రీ కాదు” అన్నాను, అది నాకు ముందు నుంచీ తెలుసన్నట్టు.

మామ సర్వర్ వైపు తిరిగి, బాయిలో నేర్చిన హిందీ బయటికి తీశాడు. “బాటిల్ హమారా. హాత్ హమారా. ఢక్కన్ భీ హమారా. పైసా కాయ్ కూ?” మూత కూడా తనదైనప్పుడు పైసలెందుకని ఆయన వాదన, తమ గ్లాసులు వాడినందుకని సర్వరు జవాబు. మామ సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి ఠంగుమని బల్లమీద పెట్టాడు. పక్కబల్ల దగ్గర హైదరాబాదు కుటుంబం తినడం ఆపేసింది. వాళ్ళ పెద్దాయన “కరెక్టుగా అడిగిండ్రు అంకుల్” అని బలపరిచాడు. (తన జేబులోంచి పైసా పోనప్పుడు న్యాయం ఎంత బాగా కనబడుతుందో!) మా ఆవిడ నావైపు చూసింది. నేను అద్దంలోంచి సముద్రం వైపు చూశాను. అక్కడ చూడదగ్గదేమీ లేదు, అయినా చాలా సేపు చూశాను.

చివరికి సర్వరే ఒక దారి చెప్పాడు. మీ గదిలో తెరుచుకుంటే ఏ రుసుమూ లేదన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. “పోదాం మామా, రూముల తాగుదువు” అన్నాను.

మామ కదల్లేదు. గొంతు తగ్గించి, “గదిల తలుపేస్కొని తాగనీకి గింతదూరం ఎందుకు బిడ్డా? చీకట్లనే గదా ఇన్నేండ్లు ఉన్నది. వెలుతురుల కూసోని, నీళ్ళను చూస్కుంట తాగుదామని తెచ్చుకున్న” అన్నాడు. తర్వాత సర్వర్ వైపు తిరిగి, “ఖోలో. పైసా దేతా” అన్నాడు.

సర్వరు సీసాను రెండు చేతులా పట్టి దాని మీద అంటించిన పేరు కాగితం మామకు చూపించాడు. “నాదే, నాదే” అన్నాడు మామ, పోలీసు స్టేషన్లో పోయిన సైకిలును గుర్తుపట్టినట్టు. బిరడా సగంలో విరిగి పొడిపొడిగా రాలింది. ఎలాగో పెళ్ళగించి, మామ ముందున్న గాజు గ్లాసులో అడుగున రెండు చుక్కలు పోసి సర్వరు ఆగాడు.

“గింతేనా! ఇన్ని పైసలు తీస్కొని గిదేం కక్కుర్తి?” అన్నాడు మామ.

“రుచి చూసి ఓకే అనాలి మామా, అది పద్ధతి” అన్నాను. ఎట్టకేలకు నా జ్ఞానానికి ఒక పని దొరికింది.

మామ నోట్లో పోసుకున్నాడు. ఆయన ముఖంలో ఒక్కో భాగమూ ఒక్కో దిక్కుకు పోయి, మళ్ళీ మెల్లగా వాటి వాటి చోటుకు వచ్చింది. సర్వరు సీసా మూతి వాసన చూశాడు. వంగి, పక్కబల్లకు వినబడకుండా, వైను పాడైనట్టుంది, వద్దంటే తీసేస్తాను, రుసుము కూడా వేయను అన్నాడు. బంగారంలాంటి మాట. కానీ పక్కబల్ల మొత్తం తీర్పు కోసం ఎదురుచూస్తోంది.

“మస్తుంది!” అన్నాడు మామ, హాలంతా వినబడేలా.

ఆ ఒక్క మాటతో నా గ్లాసూ నిండింది. నేను తాగాను. ఊరగాయ జాడీ కడిగిన నీళ్ళు దానికంటే నయం. మామ నా ముఖంలోకే చూస్తున్నాడు. ఏదో ఒకటి అనాలి. “వెనకాల కొంచెం ఓక్ పీపా చెక్క రుచి తెలుస్తుంది” అన్నాను. (తెలిసింది బిరడా ముక్క. పంటికింద పడింది.)

అత్తమ్మ మామ గ్లాసు అందుకుని చిటికెన వేలు ముంచి నాలుక్కి రాసుకుంది. “వైనా ఇది? పులిసి సచ్చింది! ఇద్దరికిద్దరు మస్తుంది మస్తుందంటరు, నాలుకలున్నయా లేవా?” అంటూ ఆ గ్లాసెత్తి, ప్లేటులోని ఉల్లిగడ్డ, కీరదోస ముక్కల మీద పోసి, ఉప్పు, మిరియాలపొడి చల్లి కలిపింది. ఒక ముక్క నోట్లో వేసుకుని, “ఆ, గిప్పుడు తినండ్రి” అంది.

తిన్నాం. నిజం చెప్పొద్దూ, అద్భుతంగా ఉంది. ముందు మా ఆవిడ పకపకా నవ్వింది. మామ పట్టుదలగా గంభీరంగానే ఉండబోయి, ఓడిపోయి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. పక్కబల్ల పెద్దాయన సిగ్గు విడిచి ఓ ప్లేటు అడిగి తీసుకున్నాడు. ఉల్లిగడ్డలకు కార్కేజీ కట్టిన కుటుంబం ఆ ఓడ చరిత్రలో మాదొక్కటే అయ్యుంటుంది. తర్వాత మామ కుర్చీ అద్దం వైపు తిప్పుకుని, స్టీలు గ్లాసులో ఉత్త మంచినీళ్ళు పోసుకుని, ఎండలో మెరిసే నీళ్ళను చూస్తూ, గుటక గుటకకూ ఆగుతూ తాగాడు. ఆయన్ను అంత తృప్తిగా నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు మామకు మోకాళ్ళు సహకరించక గుమ్మం దిగడమే ఒక ప్రయాణమైంది. పినపాక వెళ్ళినప్పుడల్లా ఆయన మంచం పైన గోడకున్న ఫోటో చూస్తాను. ఆ హాల్లో మా ఆవిడ తీసింది. అత్తమ్మ ముక్కలు కలుపుతోంది, మామ నోరారా నవ్వుతున్నాడు. వాళ్ళ పక్కన, మెడ నిక్కించి, ప్రపంచంలోని ద్రాక్షతోటలన్నీ తన పేరున పట్టా అయినట్టు కూర్చున్నాడొక బక్కపలచటి మనిషి. వాడికి అప్పటికి ఏమీ తెలియదు, పాపం. మూతికి ఎర్రటి మీసం అంటుకున్న సంగతి కూడా.