మోచేతుల మీద అతుకులు

“ఏమే, కోటు మోచేతుల మీద ముక్కలేవి?”

“అతుకులా? విప్పేశాను.”

“విప్పేశావా! అవి అతుకులు కావే తల్లీ, స్టైలు!”

“చిరుగు మీద వేస్తే అతుకు, చిరుగు లేకుండా వేస్తే స్టైలా? మీకు అంటగట్టినవాడెవడో గానీ గట్టివాడే.”

“ఇంకో గంటలో పెద్దాయన ఇంట్లో లంచ్! ఈ సూది బెజ్జాలతో ఎలా వెళ్ళను?”

“అందుకే విప్పాను. శుభమా అని ఒకరింటికి బయల్దేరుతూ అతుకుల బట్ట తొడుక్కుంటారా ఎవరైనా?”

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, ఒహాయోలో మేమున్న చిన్న ఊళ్ళో తెలుగు మాట వినాలంటే మేమిద్దరం పోట్లాడుకోవాల్సిందే. (అందుకని రోజూ వినేవాళ్ళం.) నేను అయిదో క్లాసు దాకా చదివాను. ఇంగ్లీషు రాదు గానీ, బట్టా కుట్టూ నన్ను మోసం చెయ్యలేవని నాకో నమ్మకం. మా ఆయన ఇంజనీరు. ఆయన గ్రీన్ కార్డ్ కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఫ్యాక్టరీలో ఆయన పైఅధికారి, మా ఇంట్లో మాటల్లో ‘పెద్దాయన’. రెండు నెలలుగా ఆ కాగితాలు పెద్దాయన బల్ల మీదే పడున్నాయి. మా వీసా చూస్తే మార్చితో సరి. ఇంతలో పెద్దాయన తన ఫార్మ్‌హౌస్‌కి ఆదివారం భోజనానికి రమ్మన్నాడు. ఇక మా ఆయనది ఒకటే పట్టు. చలికాలం అక్కడ మగాళ్ళంతా ట్వీడ్ అనే ముతక ఉన్ని కోట్లు వేసుకుంటారట, తనూ వేసుకుంటే మనవాడే అనుకుంటారట. గుంటూరు జిల్లా మనిషి ఒక కోటు తొడిగితే ఒహాయో వాడైపోతాడన్నమాట!

శనివారం కొట్లో నన్ను మూడు గంటలు నిలబెట్టారు. ఒకదానికి చేతులు పొడుగు, ఒకదాంట్లో బొజ్జ పట్టదు. చివరికి ఒకటి ఒంటికెక్కింది. ఎండిన గోంగూర రంగు, మధ్యమధ్య ఇటుకరంగు పోగులు. ముట్టుకుంటే అచ్చం గొంగళి, ఎత్తి చూస్తే తడిసిన బొంత. “కంట్రీ జాకెట్,” అన్నాడు కొట్టువాడు.

“కంట్రీ అంటే?” అనడిగాను మా ఆయన్ని.

“పల్లెటూరు.”

“ఆ పల్లెటూరితనం వదిలించుకోడానికే కదండీ ఇన్నేళ్ళూ అవస్థ పడ్డారు! మళ్ళీ కొనుక్కుంటున్నారా?”

ఆయన అప్పటికే అద్దంలో పక్కకి తిరిగి తన అందం చూసుకుంటున్నారు. అప్పుడు కనిపించాయి నాకు, మోచేతుల మీద తోలు ముక్కలు. ఎవరో తొడిగి చింపిన కోటు, చిరుగులు కప్పి అమ్ముతున్నారనుకున్నాను. ఇంటికొచ్చాక ఆయన వాకిట్లో మంచు తియ్యడానికి వెళ్ళగానే బ్లేడు పట్టుకుని రెండూ విప్పాను. అడుగున చిరుగు లేదు. బట్ట నిక్షేపంలా ఉంది! పొరబాటు చేశానని తెలిసింది గానీ, తప్పు ఒప్పుకునే అలవాటు నాకప్పుడు లేదు. (ఇప్పుడూ లేదంటుంది మా కోడలు.)

ఫార్మ్‌హౌస్‌లో ఫైర్‌ప్లేసు కొలిమిలా మండుతోంది. మా ఆయన కోటు విప్పరు, అంత కష్టపడి కొన్నది చూపించాలని. మోచేతులెత్తరు, బెజ్జాలు కనపడతాయని. రెక్కలు కట్టేసిన కోడిలా కూర్చుని బఠాణీలు ఒక్కొక్కటే ఏరుకు తింటున్నారు. చెమట చెవుల వెనక నుంచి కారుతోంది. ఒంట్లో బాగాలేదా అని పెద్దాయన భార్య రెండుసార్లు అడిగింది. ఇక సంతకం మాట ఎత్తేదెక్కడ!

అప్పుడు చూశాను పెద్దాయన కోటు. అదీ అదే జాతి, బాగా ముసలిది. కుడి మోచేతి అతుకు సగం ఊడి, ఆయన గ్లాసు ఎత్తినప్పుడల్లా కుక్క చెవిలా ఊగుతోంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు.

“నీడిల్,” అన్నాను. “థ్రెడ్. కోట్, గివ్!”

“కూర్చోవే, పరువు తియ్యకు,” అని మా ఆయన పళ్ళు బిగించి గొణిగారు.

పెద్దాయన తెల్లబోయి కోటు విప్పి ఇచ్చాడు. అతుకు ఎత్తి చూస్తే కింద గుప్పెడంత చిరుగు. “చూశారా, అతుకంటే ఇదీ!” అని మా ఆయనకి చూపించాను. ఏమిటేమిటని పెద్దాయన అడిగాడు. మా ఆయన చేతులెత్తి, బెజ్జాలు చూపించి, జరిగిందంతా చెప్పుకోవాల్సి వచ్చింది. పెద్దాయన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. నేను మాత్రం తలెత్తకుండా దగ్గర దగ్గరగా కుట్లు వేస్తూ పోయాను.

“నా కాగితాలు గోవిందా,” అన్నారు మా ఆయన, తిరిగొస్తూ కారులో. నాకు భయం వేసింది అప్పుడే. పరాయి ఇంట్లో, పరాయి మగాడి కోటు ఒళ్ళో వేసుకుని దర్జాగా కూర్చున్న ఆ ఇరవయ్యారేళ్ళ మొండిపిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కాస్త కుళ్ళుగా కూడా ఉంటుంది, అంత ధీమా నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

మర్నాడు పొద్దున మా ఆయన పాత నైలాన్ జాకెట్‌లోనే ఆఫీసుకి వెళ్ళారు. తొమ్మిదింటికి పెద్దాయన భార్య తలుపు తట్టి, మోచేతులు చిరిగిన కోట్లు రెండు నా చేతిలో పెట్టి వెళ్ళింది. పదిన్నరకి ఫోను మోగింది. “సంతకం పెట్టాడే!” అన్నారు మా ఆయన. నా నోట్లో దారం ఉంది. “ఊఁ” అని పెట్టేశాను.